గుంటూరు గోరంట్ల: సాఫ్ట్‌నర్ పెట్టి ఎనిమిది నెలలైనా బకెట్ల మీద తెల్లచారలు పోవడం లేదు

ప్రశ్న: గోరంట్ల గృహస్థు

మాది గుంటూరులో గోరంట్ల. సొంత ఇల్లు, రెండు పోర్షన్లు, కలిపి ఆరుగురం. తాగడానికీ వంటకూ మునిసిపాలిటీ కుళాయి నీళ్లు పట్టుకుంటాం. స్నానాలు, బట్టలు, గిన్నెలు, మొక్కలు అన్నీ బోరు మీదే. ఆ నీళ్లు ఎంత చవుడంటే రెండేళ్లలో గీజరు కాయిల్ రెండుసార్లు మార్చాను. విప్పి చూస్తే కాయిల్ చుట్టూ సున్నం కోడిగుడ్డు పెంకులా కట్టి ఉంది. విసిగిపోయి మొన్న ఉగాదికి సాఫ్ట్‌నర్ (సున్నం కట్టే నీళ్లను మెత్తబరిచే మిషన్) పెట్టించాను. 25 లీటర్ల రెజిన్ (లోపల నింపే సన్నటి పూసలు), చేత్తో తిప్పే వాల్వు, పక్కన ఉప్పు డబ్బా. నీళ్లు బోరు మోటారు నుంచి దాని గుండా పోయి పైన ట్యాంకులో పడతాయి. పదిహేను రోజులకోసారి ఐదు కిలోల ఉప్పు పోసి హ్యాండిల్ తిప్పితే చాలని అమర్చిన అబ్బాయి చెప్పాడు. అలాగే చేస్తున్నాను.

మొదట్లో ఉప్పు పోసిన తర్వాత రెండు రోజులు నీళ్లు పట్టులా ఉండేవి. మూడో రోజుకు మళ్లీ మామూలే. దసరా దాటాక ఆ రెండు రోజుల సుఖమూ లేదు. స్టీలు గ్లాసుల మీద మచ్చలు, బకెట్లకు తెల్లచారలు, తలంటుకుంటే జుట్టు పీచులా అవుతోందని ఇంట్లో అందరూ అంటున్నారు. టీడీఎస్ మీటరు కొని చూశాను. సాఫ్ట్‌నర్‌కు ముందు 1150, తర్వాత 1160. అంటే అసలు పని చేయడం లేదనే కదా? అమర్చిన వాళ్లను పిలిస్తే రెజిన్ పోయింది, మార్చాలి, ఆరు వేలవుతుంది అన్నారు.

ఇంకొకటి కూడా రాస్తున్నాను. దీని నుంచి బయటికి పోయే వృథా నీళ్ల పైపును పెరట్లోని ఇంకుడు గుంతలోకి వదిలారు. దాని పక్కనే ఉన్న కరివేపాకు చెట్టు ఈ మధ్య ఆకుల అంచులు మాడి రాలిపోతోంది. మా అమ్మ పెంచుకున్న చెట్టు అది. ఆమెకు బీపీ కూడా ఉంది. ఈ నీళ్లు ఎప్పుడైనా పొరపాటున తాగితే ఇబ్బందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: కానూరు నుంచి

మా అపార్ట్‌మెంటులో కూడా ఇలాగే అయితే రెజిన్ మార్చారు, తర్వాత బాగుంది. మా బావగారు మాత్రం పైపు మీద బిగించే అయస్కాంతం పెట్టుకున్నారు. దానికి ఉప్పు అక్కర్లేదంటున్నారు. అదీ చూడండి.

జవాబు: గుణదల ప్లంబరు

సార్, రెజిన్ మార్చే ముందు ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఉప్పు పోసి హ్యాండిల్ తిప్పాక డబ్బాలో నీటి మట్టం దిగుతోందా లేదా? దిగకపోతే ఉప్పునీళ్లు రెజిన్ దాకా పోవడం లేదన్నమాట. వాల్వు పక్కన చిన్న ఎజెక్టరు ఉంటుంది, నీటి జోరుతో ఉప్పునీళ్లను పీల్చేది అదే. దాని రంధ్రం చాలా సన్నం. ఆటోల్లో అమ్మే ఉప్పులో మట్టి ఉంటే అందులో ఇరుక్కుంటుంది. మోటారు ఆపి, విప్పి, పళ్లపుల్లతోనో పాత బ్రష్‌తోనో శుభ్రం చేయండి. సూది, ఇనుప తీగ పెట్టవద్దు, రంధ్రం పెద్దదైతే ఇక పీల్చదు. విప్పేటప్పుడు ఏ భాగం ఎటు తిరిగి ఉందో ఫోనులో ఫొటో తీసుకోండి.

ఇంకో మాట. వానాకాలం తర్వాత మన ప్రాంతంలో ఉప్పు పైన గట్టి పెచ్చు కట్టి కింద ఖాళీగా ఉంటుంది. చూస్తే డబ్బా నిండుగానే ఉంటుంది, కానీ నీళ్లకు ఉప్పు అందదు. చెక్క గరిటె కాడతో మెల్లగా పొడిచి చూడండి. దసరా తర్వాత చెడిపోయిందన్నారు కాబట్టి నాకు అనుమానం దాని మీదే.

జవాబు: పటమట, రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగిని

బాబూ, ఆరు వేలు ఇవ్వడానికి తొందరపడకండి. నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 31 ఏళ్లు పని చేశాను. మా ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టి తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ అదే రెజిన్. గుణదల నుంచి రాసిన తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, ముందు అది చూడండి. అయితే అది బాగు చేసినా మీకు మూడో రోజు కష్టం తప్పదు. దానికి కారణం వేరే ఉంది.

ముందుగా ఆ టీడీఎస్ మీటరును పక్కన పెట్టండి. ఎంతోమంది దాన్ని చూసి మంచి మిషన్లను పారేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. అది నీటిలో కరిగి ఉన్న లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. సాఫ్ట్‌నర్ లవణాలను తీసివేయదు, మార్పిడి చేస్తుంది. సబ్బును విరగగొట్టేవి, గీజరులో సున్నంగా పేరుకునేవి కాల్షియం, మెగ్నీషియం. రెజిన్ పూసలు వాటిని పట్టుకుని, బదులుగా తమ దగ్గరున్న సోడియాన్ని వదులుతాయి. మొత్తం లవణం దాదాపు అంతే ఉంటుంది. అందుకే 1150 పోయి 1160 వచ్చింది. సాఫ్ట్‌నర్ చక్కగా పని చేస్తున్నా మీ మీటరు అదే చెబుతుంది.

చూడవలసింది కాఠిన్యత. మీరు హైస్కూల్లో కఠిన జలం, మృదు జలం అని చదువుకున్నదే. ఇంట్లో చూసుకోవడానికి చుక్కల కిట్లు దొరుకుతాయి. కొలిచిన నీళ్లలో సూచిక వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది, రెండో సీసాలోంచి చుక్కలు లెక్కపెడుతూ వేస్తే ఒక చుక్క దగ్గర ఒక్కసారిగా నీలం అవుతుంది. మా ల్యాబ్‌లో పిల్లలు ఈడీటీఏ అనే రసాయనంతో చేసే ప్రయోగమే ఇది. ఆ నీలం వచ్చే క్షణం వేల సార్లు చూశాను, నాకు ఇప్పటికీ ముచ్చటే. కిట్ వచ్చేలోగా మూడు ఒకే రకం సీసాలు తీసుకుని బోరు నీళ్లు, సాఫ్ట్‌నర్ నీళ్లు, మీ మునిసిపాలిటీ కుళాయి నీళ్లు సగానికి పోసి, ఒక్కో దానిలో గోరంత సబ్బు ముక్క వేసి ఊపండి. స్నానం సబ్బు వేయండి. షాంపూ, బట్టల పౌడరు వేస్తే తేడా తెలియదు, అవి కఠిన జలంలో కూడా నురుగుతాయి. కుంకుడు రసమూ అంతే. మా అత్తగారి కాలంలో ఉప్పు నీళ్ల బావి ఉన్నవాళ్లు కుంకుడుకాయలతోనే తలంటుకోవడానికి అదీ ఒక కారణమేమో అనుకుంటాను. ఆవిడకైతే ఏ కిట్టూ అక్కర్లేదు. కొత్త ఇంట్లో దిగగానే ఆ నీళ్లతో గుప్పెడు కందిపప్పు పొయ్యి మీద పెట్టేవారు. ఎంతసేపటికీ పప్పు మెదగకపోతే ఆ నీళ్లు వంటకు పనికిరావని తేల్చేవారు. కాల్షియం పప్పును తొందరగా మెత్తబడనివ్వదు, ఆవిడ పరీక్ష సరైనదే.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మా పటమట బోరు 480. కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు మా ఇంట్లో చూస్తే 140.

ఇక పదిహేను రోజుల సంగతి. ఎన్ని రోజులకోసారి ఉప్పు పోయాలన్నది క్యాలెండరు చెప్పదు. మీ నీటి కాఠిన్యత, మీ వాడకం కలిసి చెబుతాయి. ఇళ్లల్లో వాడే రెజిన్ లీటరుకు సుమారు 50 గ్రాముల కాఠిన్యతను పట్టుకుంటుంది. మా దగ్గర 30 లీటర్ల రెజిన్ ఉంది, అంటే 1500 గ్రాములు. మా నీళ్లలో లీటరుకు 0.48 గ్రాము ఉంది. 1500ను 0.48తో భాగిస్తే 3125 లీటర్లు. ఇద్దరం ముసలివాళ్లం, పని మనిషి, పైన అద్దెకున్న జంట కలిపి రోజుకు 500 లీటర్లు వాడతాం. ఆరు రోజులు వస్తుంది, నేను ఐదో రోజే ఉప్పు పోస్తాను. ఈ లెక్క రాసిన కార్డు తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌నర్ పక్కన గోడకు వేలాడుతోంది, ఉప్పు పోసిన తేదీలు దాని మీదే రాస్తాను. మీకు లెక్క చెప్పకుండా పదిహేను రోజులు అని చెప్పి వెళ్లిపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది. ఆ అబ్బాయి మీ నీళ్లను ఒక్కసారి పరీక్షించి ఉంటే ఎనిమిది నెలలు మీ ఇంట్లో ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

ఉప్పు మోతాదు రెజిన్ లీటరుకు 150 గ్రాములు. మీ 25 లీటర్లకు 3.75 కిలోలు. ఐదు కిలోలు పోయడం వల్ల రెజిన్‌కు పెద్ద లాభం లేదు. ఉప్పు ముందు రోజు రాత్రే డబ్బాలో వేసి, పన్నెండు పదమూడు లీటర్ల నీళ్లు పోసి వదిలేయండి. ఉదయానికి పూర్తిగా కరుగుతుంది. ఎజెక్టరు దాన్ని పీల్చేటప్పుడు మరికొన్ని నీళ్లు కలిసి పది శాతం ఉప్పునీరు అవుతుంది. రెజిన్‌కు కావలసింది అదే. మామూలుగా రెజిన్‌కు సోడియం కన్నా కాల్షియం మీద పట్టు ఎక్కువ. అంత చిక్కటి ఉప్పునీటిలో సోడియం పోటెత్తి వచ్చినప్పుడే ఆ పట్టు సడలి కాల్షియాన్ని వదులుతుంది. అందుకే ఆ మెట్టులో తొందర పనికిరాదు. ముందు పది నిమిషాలు కింది నుంచి పైకి నీళ్లు పంపి పూసలను కడగండి. బయటికి వచ్చే నీళ్లు తేటపడాలి. తర్వాత ఉప్పునీళ్లు కనీసం అరగంట నిదానంగా సాగాలి. ఆ పైన కడిగే నీళ్లు నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పు తగలనంత వరకు వదిలి, అప్పుడు హ్యాండిల్‌ను వాడకంలోకి తిప్పండి. ఐదు నిమిషాల్లో మూడు మెట్లూ ముగించేవారిని చూశాను, వాళ్ల ఉప్పంతా కాలువ పాలే.

ఉప్పు విషయంలో కూడా కొంచెం శ్రద్ధ పెట్టండి. చినగంజాం వైపు కొఠారుల నుంచి వచ్చే కల్లుప్పే మనకు దొరికేది. కడిగిన ఉప్పు అడిగి తీసుకోండి. గుప్పెడు ఉప్పు గాజు గ్లాసు నీళ్లలో వేసి పావుగంట ఆగితే అడుగున మట్టి ఎంత దిగిందో కనిపిస్తుంది. బురద దిగితే ఆ ఉప్పు వద్దు. వంటింటి మెత్తటి ఉప్పు కూడా వద్దు, అది ముద్దకట్టి అడుగున పేరుకుంటుంది.

రెజిన్ నిజంగా పోయే సందర్భాలు వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంటి సంపు బురదతో నిండింది. శుభ్రం చేశాక భయంతో వారాల తరబడి సంపులో బ్లీచింగ్ పౌడరు ఎక్కువగా కలిపి, ఆ నీళ్లనే సాఫ్ట్‌నర్ గుండా పంపారు. క్లోరిన్ ఆ పూసలను మెత్తబరిచి చిట్లిస్తుంది. ఏడాది తిరగకుండా పసుపుపచ్చ పూసల పొడి షవరు జాలీలలో కనిపించింది. అప్పుడు మార్చక తప్పలేదు. బోరులో ఇనుము ఉంటే పూసల మీద తుప్పు పూత పడుతుంది, అదీ సామర్థ్యం తగ్గిస్తుంది. మీ బకెట్లకు తెల్లచారలే అన్నారు గాని ఎర్రటి మరకలు అనలేదు, కాబట్టి ఇనుము బెడద లేదనుకుంటున్నాను.

కానూరు నుంచి రాసినవారికి: అయస్కాంతం నీటిలోంచి కాల్షియాన్ని తీయదు. అది పెట్టిన ఇంట్లో చుక్కల పరీక్ష చేసి చూడండి, ముందూ వెనకా ఒకే అంకె వస్తుంది.

బాబూ, ఇంకుడు గుంత సంగతి చదివి నా ప్రాణం చివుక్కుమంది. దాని గురించి విడిగా రాస్తాను. ముందు ఈ రోజే ఆ పైపును గుంతలోంచి తీసేయండి. మీ కాఠిన్యత, రోజు వాడకం కొలిచి ఇక్కడ రాయండి.

ప్రశ్న వేసిన గోరంట్ల గృహస్థు

అమ్మా, గుణదల అన్నా, ఇద్దరికీ నమస్కారం. ఆదివారం అంతా దీని మీదే కూర్చున్నాను.

డబ్బాలో చెక్క కాడతో పొడిస్తే నాలుగు వేళ్ల మందం పెచ్చు విరిగింది, కింద జానెడు ఖాళీ. అడుగున బురద గిన్నెడు తీశాను. ఎజెక్టరు రంధ్రం నిజంగానే మూసుకుపోయి ఉంది. శుభ్రం చేసి బిగించాక డబ్బాలో నీళ్లు కళ్ల ముందే దిగడం మొదలైంది. 31 ఏళ్ల అనుభవం ఉన్న మీరు చెప్పినట్టే అరగంట ఉంచి, నాలుక మీద చుక్క వేసుకుని చూశాను.

చుక్కల కిట్ తెప్పించాను. బోరు నీళ్లు 640. ఉప్పు పోసిన తర్వాత సాఫ్ట్‌నర్ నీళ్లలో ఒక్క చుక్కకే నీలం వచ్చేసింది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఇద్దరం కలిసి చేశాం. పైన ట్యాంకు వెయ్యి లీటర్లు, రోజూ దాదాపు ఒక ట్యాంకు ఖాళీ అవుతోంది. 950 అనుకోవచ్చు. రెజిన్ మార్చడం మానుకున్నాను.

పైపును గుంతలోంచి తీసి ప్రస్తుతానికి బయటి కాలువ వైపు తిప్పాను.

జవాబు: పటమట, రిటైర్డ్ ల్యాబ్ ఉద్యోగిని

చాలా సంతోషం బాబూ. మీ అమ్మాయి చేత ప్రతి నెలా ఆ పరీక్ష చేయించండి.

ఇప్పుడు లెక్క చూడండి. 25 లీటర్ల రెజిన్‌కు 1250 గ్రాములు. 0.64తో భాగిస్తే 1950 లీటర్లు. మీ వాడకం 950. సరిగ్గా రెండు రోజులు! మొదట్లో మీకు రెండు రోజులు పట్టులాంటి నీళ్లు వచ్చాయి కదా, మీ మిషన్ తన శక్తి మేరకు పూర్తిగా పని చేసింది. మిగిలిన పదమూడు రోజులు దాని చేతిలో ఏమీ లేదు.

అయితే రెండు రోజులకోసారి ఉప్పు పోస్తే నెలకు 56 కిలోలు. అది మీ జేబుకూ నేలకూ మంచిది కాదు. మొక్కలకు, వాకిలి కడగడానికి, మరుగుదొడ్డి ఫ్లష్‌కు మెత్తటి నీళ్లు ఎందుకు? వాటికి బోరు నీళ్లే విడిగా ఒక చిన్న ట్యాంకులోకి ఎక్కించండి. మీ ఇంట్లో ఆ మూడింటికీ కలిపి రోజుకు 500 దాకా పోతుంటాయి. స్నానాలు, గీజరు, వాషింగ్ మెషిన్, గిన్నెలు కలిపి 450 మిగులుతుంది. అప్పుడు నాలుగు రోజులకోసారి చాలు, నెలకు 30 కిలోల లోపు ఉప్పు. పైపు పనికి అయ్యే ఖర్చులో కొంత ఉప్పు మీదే తిరిగొస్తుంది. పూర్తిగా సున్నా కాఠిన్యత ఉంటే కొందరికి సబ్బు ఎంత కడిగినా వదలనట్టు జారుడుగా అనిపిస్తుంది. అలా అనిపిస్తే బైపాస్ వాల్వును (నీళ్లను సాఫ్ట్‌నర్ లోపలికి పోకుండా పక్కనుంచి పంపేది) కొద్దిగా తెరిచి కొంత బోరు నీరు కలవనివ్వండి.

మీ అమ్మగారి విషయం. 640 కాఠిన్యతను మార్చినప్పుడు లీటరుకు సుమారు 290 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుతుంది. ఒకసారి పొరపాటున గ్లాసు తాగితే భయపడవలసింది లేదు. కానీ బీపీ ఉన్నవారు రోజూ తాగే నీళ్లు అవి కాకూడదు. వంటింటి కుళాయికి సాఫ్ట్‌నర్ లైను కలపకండి. మీరు మునిసిపాలిటీ నీళ్లు తాగుతున్నారు, అదే కొనసాగించండి.

ఇక ఇంకుడు గుంత. నెలకు పది కిలోల చొప్పున ఎనిమిది నెలల్లో దాదాపు 80 కిలోల ఉప్పు పోశారు, ఎజెక్టరు మూసుకుపోయే దాకా అందులో చాలా భాగం మీ పెరట్లోకే దిగింది. దానితోపాటు రెజిన్ విడిచిన కాల్షియం, మెగ్నీషియం కూడా. వాన నీటిని భూమికి ఇచ్చి బోరును తేట చేసుకోవాలని తవ్వించుకున్న గుంత అది. దానిలోకి మనమే ఉప్పు పంపితే ఆ ఉప్పు మీ బోరులోకీ, పక్కింటి వారి బోరులోకీ చేరుతుంది. నీటిలోంచి తీసిన కాఠిన్యతను మళ్లీ ఆ నీటికే ఇచ్చినట్టు. ఈ ఒక్క విషయం మాత్రం సాఫ్ట్‌నర్ పెట్టుకునే ప్రతి ఇంటికీ చెప్పాలని ఎంతో తపన నాకు. మీ వైపు నల్లరేగడి అయితే ఇంకా కష్టం. సోడియం ఎక్కువైతే ఆ మట్టిలోని బంక విడిపోయి రంధ్రాలు మూసుకుంటాయి, నీళ్లు ఇంకడం మానేస్తాయి. చవుడు పొలాలకు రైతులు జిప్సం వేసేది దీనికే, సోడియాన్ని కాల్షియంతో బయటికి నెట్టడానికి.

కరివేపాకు చెట్టుకు కూడా అదే చేయండి. పాదు కొద్దిగా పైపైన గుల్ల చేసి రెండు గుప్పెళ్ల జిప్సం చల్లి, కుళాయి నీళ్లు నిండుగా పెట్టండి. వారానికోసారి అలా నాలుగు వారాలు నీళ్లు పెట్టండి. బోరు నీళ్లు వద్దు, సాఫ్ట్‌నర్ నీళ్లు అసలే వద్దు. గుంతలోని పై పొర ఇసుక, కంకర తీసి మంచి నీళ్లతో కడిగి మళ్లీ వేయించండి.

బయటికి పోయే నీళ్లు ఒక్కోసారి 200 లీటర్లకు పైగా ఉంటాయి, అన్నీ ఉప్పునీళ్లు కావు. మొదటి పది నిమిషాలు పూసలను కడిగిన నీళ్లు మామూలు బోరు నీళ్లే, కాస్త మడ్డి ఉంటుందంతే. వాటిని బకెట్లలో పట్టి మరుగుదొడ్లకు వాడండి. ఉప్పునీళ్లు మొదలైనప్పటి నుంచి కడుగు పూర్తయ్యే వరకు వచ్చేవే కాలువలోకి పోవాలి. మీ పైపును ప్రస్తుతానికి కాలువ వైపు తిప్పానన్నారు, అది జారి పెరట్లో పడకుండా క్లిప్పు వేసి గోడకు బిగించండి.

జవాబు: గుణదల ప్లంబరు

సార్, రెండో ట్యాంకు పెట్టించేటప్పుడు ఒక సంగతి. మీ సాఫ్ట్‌నర్ బోరు మోటారు లైను మీద ఉంది. 25 లీటర్ల రెజిన్ గుండా గంటకు వెయ్యి లీటర్లకు మించి నీళ్లు పోకూడదు, పోతే పూసలకు పట్టుకునే సమయం చాలదు. వాచీ పెట్టి చూడండి, ఇరవై లీటర్ల బకెట్ 72 సెకన్ల కంటే ముందే నిండుతుంటే జోరు ఎక్కువ. ఎక్కువైతే మోటారు లైనులోనే టీ (మూడు దారుల పైపు ముక్క) వేసి, ఆ మిగులు నీళ్లు కొత్త ట్యాంకుకు పోయేలా చేయిస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. మోటారు మీద కూడా ఒత్తిడి పడదు.